పసితనం నుంచి ముసలితనం దాకా: మానవ వికాసంలో పీజీ, పీహెచ్‌డీ చేయాలనుకుంటే

చంద్రకళ_డి

అందరికీ నమస్కారం. సైకాలజీలో డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేశాను. ఇప్పుడు వృద్ధుల కేంద్రంలో ఉన్నాను. మానవ వికాసంలో మాస్టర్స్, కుదిరితే పీహెచ్‌డీ చేయాలని ఉంది. ప్రోగ్రాముల వివరాలు చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. కొన్ని బాల వికాసం అంటాయి, కొన్ని వృద్ధాప్య శాస్త్రం అంటాయి. కొన్ని మాత్రం పుట్టుక నుంచి చివరిదాకా జీవితకాలం మొత్తం అంటాయి. నా మనసు మూడోదాని మీదే ఉంది. కానీ మా సీనియర్ ఒకావిడ "అన్నీ పైపైన తెలుస్తాయి, ఏదీ చేతికి రాదు" అన్నారు.

జీవితకాలం మొత్తం చదివితే లోతు ఉంటుందా? స్టాటిస్టిక్స్ ఎంత రావాలి? నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయాలా, ముందు మాస్టర్సా? ఈ దారిలో నడిచినవాళ్లు చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

లలిత_మేడం

చంద్రకళ గారూ, ఈ సబ్జెక్టు చాలాకాలంగా పాఠం చెబుతున్నాను, మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

శైశవం ఒక అధ్యాయం, బాల్యం ఒకటి, కౌమారం ఒకటి, చివర్లో వృద్ధాప్యం, ఇలా వరుసగా చదువుకుంటూ పోతే మీ సీనియర్ చెప్పినట్టే పైపైన ఉంటుంది. డిగ్రీ స్థాయి పుస్తకాలు అలాగే ఉంటాయి. పీజీలో అడిగే ప్రశ్నలు వేరు. మనిషిలో ఏది మారుతోంది, ఏది నిలిచి ఉంటోంది, మొదట్లో జరిగినది ఎంతదూరం వెంట వస్తుంది, ఆలస్యంగానైనా దాన్ని మార్చవచ్చా? ఈ ప్రశ్నలు ఏ ఒక్క వయసుకీ చెందవు.

మనస్తత్వవేత్త పాల్ బాల్టెస్ 1987లో రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ చదవాల్సింది. ఆయన వాదన ఏమిటంటే, చిన్నప్పుడు అంతా ఎదుగుదల, పెద్దయ్యాక అంతా క్షీణత అనుకోవడం తప్పు. ఏ వయసులోనైనా లాభం, నష్టం రెండూ కలిసే నడుస్తాయి. పసిపిల్లల్లో నష్టం ఏముంటుంది అనిపిస్తుంది కదా? జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగాలు చూడండి. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ట, త శబ్దాల తేడాను గుర్తుపట్టగలిగారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు పోయింది. తమ చుట్టూ వినిపించే భాషకి చెవి, మెదడు కుదురుకుంటున్నప్పుడు జరిగిన నష్టం అది. అటువైపు చూస్తే, మధ్యవయసు దాటాక కొత్త సమస్యల్ని వేగంగా విప్పే శక్తి తగ్గుతున్నా పదసంపద, లోకజ్ఞానం చాలాకాలం నిలుస్తాయి, పెరుగుతాయి కూడా. రేమండ్ కాటెల్, జాన్ హార్న్ ఈ రెండు రకాల తెలివినీ విడదీసి చూపించారు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. జొహాన్ టెటెన్స్ అనే జర్మన్ తత్వవేత్త 1777లోనే మనిషి వికాసాన్ని జీవితమంతా సాగేదిగా చూశాడు. 1904లో కౌమారం మీద పెద్ద గ్రంథం రాసిన స్టాన్లీ హాల్, డెబ్బై దాటాక 1922లో వృద్ధాప్యం మీద ఇంకొకటి రాశాడు.

సుధీర్_కౌమారం

లలిత మేడం మాటల మీద గౌరవం ఉంది, కానీ చంద్రకళ గారికి ఇంకోవైపు కూడా తెలియాలి. నేను కౌమారం మీద పనిచేస్తాను. జీవితకాలం అని పేరు పెట్టుకున్న ప్రోగ్రాముల్లో చాలావాటిలో జరిగేది ఇదీ: బాల్యం మీద ఒక కోర్సు, వయోజనుల మీద ఒకటి, వృద్ధాప్యం మీద ఒకటి. వాటిని కలిపే కోర్సు ఒక్కటీ ఉండదు. చివరికి థీసిస్ ఏదో ఒక వయసు మీదే రాస్తారు. ఉద్యోగానికి వెళ్తే "మీరు ఏ వయసు వాళ్లతో పనిచేశారు" అనే అడుగుతారు.

యుక్తవయసులో శరీరంలో వచ్చే మార్పులు, నిద్ర, స్నేహాలు, రిస్కు తీసుకునే తీరు, వీటిలో ఒక్కదాన్ని సరిగా పట్టుకోవడానికే ఏళ్లు పడుతుంది. ముందు ఒక వయసును గట్టిగా పట్టుకోండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. పేరు చూసి కాకుండా సిలబస్ తెరిచి, అధ్యాపకులు ఈమధ్య ప్రచురించిన పేపర్లు చూసి నిర్ణయించుకోండి.

లలిత_మేడం

సిలబస్ తెరిచి చూడమన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం సుధీర్ గారూ. పేరు ఒకటి, లోపల ఇంకొకటి ఉన్న ప్రోగ్రాములు నేనూ చూశాను.

కానీ ఒక వయసును విడిగా తీసి చదివితే చేజారిపోయేది ఒకటుంది. సామాజిక శాస్త్రవేత్త గ్లెన్ ఎల్డర్ పని గుర్తు చేసుకోండి. ఆయన 1974 పుస్తకం కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 1920, 21లలో పుట్టిన పిల్లల గురించి. అమెరికాలో మహా మాంద్యం, అంటే 1929 తర్వాతి పెద్ద ఆర్థిక సంక్షోభం, వచ్చినప్పుడు వాళ్లు బాల్యం దాటుతున్నారు. ఇంటి పనిలో, సంపాదనలో చెయ్యి వేయగలిగారు. కష్టపడ్డారు, కానీ చాలామంది నిలదొక్కుకున్నారు. తర్వాత బెర్క్‌లీలో 1928, 29లలో పుట్టిన పిల్లలతో పోల్చి చూశాడు. అదే మాంద్యం, అదే పేదరికం. కానీ వీళ్లు ఇంకా తల్లిదండ్రుల మీదే పూర్తిగా ఆధారపడిన పసివాళ్లు. ముఖ్యంగా మగపిల్లల మీద దెబ్బ గట్టిగా పడింది. మళ్లీ వాళ్లలోనే చాలామంది సైన్యంలోకి వెళ్లాక, చదువుకునే అవకాశం దొరికాక కోలుకున్నారు.

కౌమారాన్ని మాత్రమే చదివినవాళ్లకి "ఈ పిల్లలు దెబ్బతిన్నారు" అన్నంతవరకే కనబడుతుంది. ఏ వయసులో తగిలింది, తర్వాత ఏ మలుపు వచ్చింది అన్నవి కలిపితేగానీ అసలు సంగతి తెలియదు. నా విద్యార్థులకి నేను చెప్పేది: థీసిస్ ఒక వయసు మీద రాయండి, ప్రశ్న మాత్రం మార్పు మీద ఉండాలి.

సుధీర్_కౌమారం

దీనితో నాకు పేచీ లేదు మేడం. ప్రశ్న మార్పు మీద, పని ఒక వయసు మీద. అలా బోధించే డిపార్ట్‌మెంటు దొరికితే నేనూ అటే వెళ్లమంటాను.

కిరణ్_మోడల్స్

స్టాటిస్టిక్స్ ప్రశ్నకి నేను వస్తాను. ఎంత రావాలో చెప్పేముందు ఎందుకు రావాలో చెబితే భయం తగ్గుతుంది.

ఇరవై ఏళ్లవాళ్లకి, డెబ్బై ఏళ్లవాళ్లకి ఒకే రోజు ఒకే పరీక్ష పెట్టామనుకోండి. పెద్దవాళ్లకి మార్కులు తక్కువ వచ్చాయి. వయసుతో తెలివి తగ్గిందందామా? తొందరపడకూడదు. ఆ డెబ్బై ఏళ్లవాళ్లు ఇరవైలో ఉన్నప్పుడు ఎలా ఉన్నారో మనకి తెలియదు. వాళ్ల తరానికి బడి తక్కువ, పోషణ వేరు, ఇలాంటి పరీక్షలే తెలియవు. వార్నర్ షాయ్ 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టి, ఏడేసి ఏళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తూ దశాబ్దాలపాటు సాగించిన అధ్యయనం ఈ చిక్కుని బయటపెట్టింది. ఒకే రోజు వేర్వేరు వయసులవాళ్లని పోల్చితే చాలా సామర్థ్యాలు చిన్న వయసులోనే పడిపోతున్నట్టు కనిపించాయి. అదే మనుషుల్ని వెంబడిస్తే అరవై దగ్గరపడేదాకా చాలావరకు నిలకడగా ఉన్నాయి.

అలాగని వెంబడించడమే సత్యం అనుకోకండి. మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువగా ఆరోగ్యం బాగోలేనివాళ్లు, చదువు తక్కువున్నవాళ్లు. చివరిదాకా మిగిలేది గట్టివాళ్లు. పైగా ఒకే పరీక్ష పదేపదే రాస్తే అలవాటు వల్ల మార్కులు పెరుగుతాయి. అందుకని ఒక పద్ధతి క్షీణతను ఎక్కువ చేసి చూపిస్తే ఇంకోటి తక్కువ చేసి చూపించే ప్రమాదం ఉంది.

దీనికింద ఇంకో చిక్కు ఉంది. వయసు, పుట్టిన సంవత్సరం, పరీక్షించిన సంవత్సరం, ఈ మూడింటిలో రెండు తెలిస్తే మూడోది దానంతటదే వచ్చేస్తుంది. కాబట్టి మూడింటి ప్రభావాన్ని విడదీయడం ఏ సాఫ్ట్‌వేర్ వల్లా కాదు. మనం ఏదో ఒకటి ఊహించుకోవాలి, ఆ ఊహని నిజాయితీగా చెప్పాలి. ఈ ఒక్క విషయం ఒంటబట్టినవాళ్లు వయసు గురించి వచ్చే వార్తల్ని వేరే కళ్లతో చదువుతారు.

ఇక కావాల్సింది: రిగ్రెషన్, అంటే ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేసే పద్ధతి, బాగా అర్థమై ఉండాలి. ప్రోగ్రాంలో మల్టీలెవెల్ మోడల్స్, గ్రోత్ కర్వ్ మోడల్స్ (రెండూ ఒక్కొక్కరిలో వచ్చే మార్పుని విడిగా చూసే పద్ధతులు), మిస్సింగ్ డేటా (మధ్యలో దొరకని జవాబులు) మీద కోర్సులు ఉన్నాయా చూడండి. మెజర్‌మెంట్ ఇన్వేరియన్స్ అనేది కూడా. అంటే, అదే ప్రశ్నాపత్రం పదిహేనేళ్లవాడికీ డెబ్బై ఐదేళ్లావిడకీ అదే విషయాన్ని కొలుస్తోందా అని పరీక్షించడం. "నాకు నిద్ర సరిగా పట్టడం లేదు" అన్న జవాబు యువకుడిలో దిగులుకి గుర్తు కావచ్చు, పెద్దావిడలో మోకాళ్ల నొప్పి కావచ్చు. ఇది చూడకుండా ఇద్దరి స్కోర్లు పోల్చకూడదు.

చంద్రకళ_డి

కిరణ్ గారూ, చాలా థాంక్స్. కానీ నిజం చెప్పాలంటే లెక్కలంటే మొదటినుంచీ భయమే. కాలేజీలో గుంపుల సగటులు పోల్చే టీ టెస్ట్, అనోవా దాకా చదివాను. నాలాంటివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

కిరణ్_మోడల్స్

గీతలు గీయడంతో. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకోండి. పదిమంది మనుషుల్ని ఐదేసి సార్లు కొలిచిన ఏదైనా చిన్న డేటా తీసుకుని, ఒక్కొక్కరికి ఒక్కో గీత గీయండి. కొన్ని గీతలు పైనుంచి మొదలవుతాయి, కొన్ని కిందనుంచి. కొన్ని పెరుగుతాయి, కొన్ని పడిపోతాయి. సగటు గీత ఒకటి గీసి, అది ఆ పదిమందిలో ఎవరికైనా సరిపోతోందా చూడండి. మల్టీలెవెల్ మోడల్ చేసేది ఈ మొదలునీ ఈ వాలునీ ఒక్కొక్కరికీ విడిగా అంచనా వేయడమే. బొమ్మ అర్థమైతే సూత్రం తర్వాత అదే వస్తుంది. టీ టెస్ట్ వచ్చినవాళ్లకి ఇది అందనిదేం కాదు.

మాధురి_స్కాలర్

పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. మాస్టర్సా, నేరుగా పీహెచ్‌డీనా అన్నదాని గురించి.

మీకు పరిశోధన ప్రశ్న స్పష్టంగా ఉండి, ముందే ఏదైనా రీసెర్చ్ ప్రాజెక్టులో పనిచేసి ఉంటే నేరుగా వెళ్లవచ్చు, కొన్నిచోట్ల డిగ్రీ తర్వాత నేరుగా తీసుకుంటారు. లేదంటే థీసిస్ ఉన్న మాస్టర్స్ చేయండి. థీసిస్ లేకుండా కోర్సులు మాత్రమే ఉన్న మాస్టర్స్ ఉద్యోగానికి పనికొస్తుంది, కానీ తర్వాత పీహెచ్‌డీకి వెళ్దామంటే చూపించడానికి పరిశోధన ఉండదు.

నా అనుభవంలో ప్రోగ్రాం పేరు కన్నా గైడ్ ముఖ్యం. గైడ్‌తో మాట్లాడే ముందు వాళ్ల దగ్గర చదువుతున్నవాళ్లతో, చదివి వెళ్లిపోయినవాళ్లతో మాట్లాడండి. డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకి చూస్తారు? డేటా ఎవరిది, విద్యార్థి తన థీసిస్‌కి వాడుకోవచ్చా? పేపర్ మీద మొదటి పేరు ఎవరిది? సీనియర్లు ఎన్నేళ్లలో పూర్తిచేశారు, ఎంతమంది మధ్యలో మానేశారు? ఇవి అడగడానికి మొహమాటపడొద్దు. మంచి గైడ్ ఎవరూ ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు.

నాకు తెలిసిన ఒకమ్మాయి గైడ్ ప్రాజెక్టు డేటా మీద థీసిస్ రాస్తుండగా ఆ గైడ్ వేరేచోటికి వెళ్లిపోయారు. డేటా ఆయనతోపాటే వెళ్లింది, ఆమె మళ్లీ మొదటినుంచి వేరే అంశం మొదలుపెట్టాల్సి వచ్చింది. చేరే ముందే డేటా గురించి రాతపూర్వకంగా మాట్లాడుకోండి.

అరుణ్_ఆర్కైవ్

మాధురి గారు డేటా మాట ఎత్తారు కాబట్టి. జీవితకాలం మీద పీహెచ్‌డీ అనగానే అందరికీ వచ్చే అనుమానం: ఐదేళ్ల చదువులో యాభై ఏళ్ల జీవితాన్ని ఎలా చదువుతాం? మనకంటే ముందువాళ్లు సేకరించి పెట్టిన డేటాతో చదువుతాం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, ఈ రంగంలో గొప్ప పనులు చాలా అలాగే జరిగాయి.

అన్నిటికన్నా నన్ను కదిలించేది స్కాట్లాండ్ కథ. 1932లో అక్కడ 1921లో పుట్టిన, బడిలో ఉన్న పిల్లలు దాదాపు అందరికీ ఒకే తెలివి పరీక్ష పెట్టారు. 1947లో 1936లో పుట్టినవాళ్లకి అలాగే పెట్టారు. కాగితాలు దశాబ్దాలపాటు భద్రంగా ఉండిపోయాయి. ఇయన్ డియరీ బృందం వాటిని పట్టుకుని, అప్పటి పిల్లల్లో బతికున్నవాళ్లని వెతికి ముసలితనంలో మళ్లీ పరీక్షించింది. పదకొండేళ్లప్పటి స్కోరు చేతిలో ఉండటంతో, ముసలితనంలో కనిపించే తేడాల్లో చిన్నప్పటినుంచీ ఉన్నవి ఎంత, తర్వాత వచ్చినవి ఎంత అని అడగగలిగారు. ఆ పరీక్ష పెట్టినవాళ్లు ఇలా వాడతారని కలలో కూడా అనుకుని ఉండరు.

న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ అధ్యయనం 1972, 73లలో పుట్టిన 1,037 మందిని ఇప్పటికీ వెంబడిస్తోంది. బ్రిటన్‌లో 1946, 1958, 1970 పుట్టుకల కోహోర్టులు, అంటే ఒకే ఏడాది పుట్టినవాళ్లని వెంబడించే అధ్యయనాలు, ఉన్నాయి. పెద్దవయసు మీద అయితే అమెరికాలో 1992లో మొదలైన హెల్త్ అండ్ రిటైర్‌మెంట్ స్టడీ, దాని తరహాలో ఇంగ్లాండు, యూరప్, భారత్ లాంటిచోట్ల నడుస్తున్నవి ఉన్నాయి. పేదరికం, బాల్యం మీద ఆసక్తి ఉంటే ఇథియోపియా, భారత్, పెరు, వియత్నాంలలో పిల్లల్ని వెంబడించిన యంగ్ లైవ్స్ ఉంది. కొన్నిటి డేటా పేరు నమోదు చేసుకుంటే ఇస్తారు. డ్యునెడిన్ లాంటివాటికి ఆ బృందంతో కలిసి పనిచేయడానికి ప్రతిపాదన పంపాలి. ఏది ఏ తరహానో అప్లికేషన్ రాసే ముందే చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. పాత డేటాలో మీకు కావాల్సిన ప్రశ్న అడిగి ఉండకపోవచ్చు. ఉన్న ప్రశ్నలకి తగ్గట్టు మీ ప్రశ్నని వంచేసుకుంటే థీసిస్ బలహీనపడుతుంది.

పద్మజ_ఫీల్డ్

డేటా వాడుకోవడం మంచిదే, కానీ చదువులో ఉన్నప్పుడు ఒక్కసారైనా స్వయంగా మనుషుల దగ్గరికి వెళ్లి సేకరించండి చంద్రకళ గారూ. ఫీల్డ్‌వర్క్ చేసేదాన్ని, నా మాట పక్షపాతంగా ఉందనుకున్నా పర్వాలేదు.

పెద్దవాళ్లకి పరీక్ష పెడుతున్నప్పుడు వాళ్లకి ప్రశ్న వినపడిందా, అక్షరాలు కనపడ్డాయా అన్నది మొదటి ప్రశ్న. బెర్లిన్‌లో 70 ఏళ్ల నుంచి నూరేళ్లు దాటినవాళ్ల వరకు చేసిన అధ్యయనంలో ఉల్మన్ లిండెన్‌బెర్గర్, పాల్ బాల్టెస్ 1994లో ఒక సంగతి చూపించారు. తెలివి పరీక్షల్లో వయసువల్ల కనిపించిన తేడాలో చాలా భాగం చూపు, వినికిడి కొలతలతోనే వివరించగలిగారు. దీనికి అర్థం ఏమిటన్నదాని మీద వాదనలు జరిగాయి. మెదడు ముసలిదవడమే రెండింటికీ మూలమా, లేక సరిగా వినపడకపోవడమే పరీక్షను దెబ్బతీస్తోందా? ఏదైనా గానీ, మధ్యాహ్నం పూట అలసిపోయిన పెద్దాయన దగ్గర చిన్న అక్షరాల కాగితం పెట్టి తెచ్చిన స్కోరుని నేను నమ్మను.

అనుమతి విషయం కూడా వయసును బట్టి మారుతుంది. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఉంటే చాలదు, పిల్ల కూడా ఒప్పుకోవాలి. ఆట మధ్యలో "ఇక చాలు" అంటే ఆపేయాలి. మతిమరుపు వ్యాధి ఉన్నవాళ్ల దగ్గర ఒకసారి తీసుకున్న అనుమతి వచ్చే నెలకి సరిపోదు, ప్రతిసారీ మళ్లీ వివరించి అడగాలి. సంరక్షణ కేంద్రంలో ఉన్నవాళ్లు కాదంటే సిబ్బందికి కోపం వస్తుందేమోనని సరేనంటారు. మీరు అక్కడే పనిచేస్తున్నారు కాబట్టి ఈ ఒత్తిడి మీ విషయంలో ఇంకా ఎక్కువ. ఎథిక్స్ కమిటీ ఇదే మొదట అడుగుతుంది.

వెంకట్_కౌన్సెలర్

ఒక ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. మానవ వికాసంలో మాస్టర్స్ గానీ పీహెచ్‌డీ గానీ చేసినంత మాత్రాన కౌన్సెలర్‌గా, క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీసు చేసే లైసెన్సు దానంతట అది రాదు. దానికి చాలాచోట్ల వేరే గుర్తింపు పొందిన కోర్సు, పర్యవేక్షణలో శిక్షణ గంటలు అడుగుతారు. మీరు ఉండబోయే చోట లైసెన్సు ఇచ్చే సంస్థ నియమాలు చేరకముందే చదవండి. చదువు సగంలో ఉండగా ఇది తెలిసి కుంగిపోయిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు.

లైసెన్సు లేకుండా చేసే పనులూ చాలా ఉన్నాయి. చిన్నపిల్లల తొలిదశ సహాయ కార్యక్రమాలు, కుటుంబ సేవలు, వృద్ధుల సేవల నిర్వహణ, ప్రభుత్వ పథకాలు నిజంగా పనిచేస్తున్నాయా అని అంచనా వేసే ఉద్యోగాలు. ఈ చివరిదానికి కిరణ్ గారు చెప్పిన కోర్సులు చేసినవాళ్లకి మంచి గిరాకీ ఉంటుంది.

ఉష_ఎన్

చిన్న ప్రశ్న. మనిషి జీవితం గురించి ఎరిక్సన్ చెప్పిన ఎనిమిది దశలు, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే, ఇవన్నీ ఇప్పటికీ చదవాలా? మా బ్యాచ్‌లో చాలామంది పాతబడ్డాయంటున్నారు.

లలిత_మేడం

చదవాలమ్మా. ఎరిక్సన్ 1950లో ఎనిమిది దశలు చెప్పినప్పుడు, పెద్దయ్యాక కూడా మనిషి ఎదుగుతాడని గట్టిగా అన్న కొద్దిమందిలో ఆయనొకరు. తొంభైల్లోకి వచ్చాక తామిద్దరూ అనుకున్నట్టు వృద్ధాప్యం లేదని ఆయన భార్య జోన్ ఎరిక్సన్ గమనించి, 1997లో తొమ్మిదో దశ గురించి రాశారు. అంత వయసులో సొంత సిద్ధాంతాన్ని మళ్లీ తెరిచి చూసిన ఆ ధైర్యం నాకు చాలా ఇష్టం. దశల్ని మెట్లలా బట్టీపట్టకండి, వాళ్లు ఏ ప్రశ్నకి జవాబు వెతికారో చూడండి.

సుధీర్_కౌమారం

ఆ దశలు ఎవర్ని చూసి రాశారో కూడా చూడాలి. 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు రాసిన వ్యాసం చదవండి. మనస్తత్వ శాస్త్రంలో చాలా నిర్ధారణలు పాశ్చాత్య, చదువుకున్న, సంపన్న సమాజాల నుంచి, అందులోనూ ఎక్కువగా కాలేజీ విద్యార్థుల నుంచి వచ్చినవే. జెఫ్రీ ఆర్నెట్ 2000లో 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఒక కొత్త దశ ఉందని ప్రతిపాదించారు. పద్దెనిమిదికే పెళ్లయి, పనిలో పడి, ఇల్లు నడిపేవాళ్లకి ఆ దశ ఎక్కడుంది? ఆర్నెట్ కూడా అది అన్ని సమాజాల్లో ఉండదనే రాశారు, వాడేవాళ్లే ఆ వాక్యం మర్చిపోతారు. బెర్నీస్ న్యూగార్టెన్ చెప్పిన సామాజిక గడియారం ఇక్కడ బాగా పనికొస్తుంది. చదువు, పెళ్లి, పిల్లలు, రిటైర్‌మెంట్ ఏ వయసులో జరగాలో సమాజం ఒక టైం పెడుతుంది. ఆ టైం ఎక్కడికక్కడ వేరు.

చంద్రకళ_డి

మీ అందరి మాటలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నా మనసులో ఉన్న ప్రశ్న చెబుతాను, సరిచేయండి.

మా కేంద్రంలో పెద్దవాళ్లు ఎక్కువమందితో కలవరు. ఇద్దరు ముగ్గురితోనే ఉంటారు. మేం దాన్ని ఒంటరితనం అనుకుని పాటలు, ఆటలు పెడతాం. కొందరు వస్తారు, కొందరు మర్యాదగా కాదంటారు. కాదన్నవాళ్లు దిగులుగా ఏమీ కనిపించరు. "వయసు పెరిగేకొద్దీ మనుషులు ఎందుకు ముడుచుకుపోతారు" అన్నది నా ప్రశ్న.

మాధురి_స్కాలర్

చంద్రకళ గారూ, మీరు వెంటనే మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్‌సెన్ పని చదవాలి. ముడుచుకుపోవడం అనేది మీ ప్రశ్నలోనే ముందుగా చేసిన తీర్పు. ఆమె వాదన ప్రకారం, ముందు చాలా సమయం ఉందనుకున్నప్పుడు మనిషి కొత్త పరిచయాలు, కొత్త సమాచారం కోరుకుంటాడు. సమయం తక్కువుందనిపిస్తే మనసుకి దగ్గరైనవాళ్లనే ఎంచుకుంటాడు. అంటే అది కోల్పోవడం మాత్రమే కాదు, ఏరుకోవడం కూడా. ముఖ్యమైన సంగతి ఇంకోటి. ప్రాణాంతక జబ్బు ఉన్న యువకుల్లో కూడా ఇలాంటి ఎంపికే కనిపించింది. అప్పుడు కారణం గడిచిన వయసా, మిగిలిన కాలమా?

లలిత_మేడం

మాధురి చెప్పినదానికి బాల్టెస్ దంపతులు 1990లో ప్రతిపాదించిన నమూనా కూడా కలుపుకోండి. ఎంచుకోవడం, ఎంచుకున్నదాన్ని మెరుగుపరచుకోవడం, తగ్గినదానికి వేరేదారి వెతుక్కోవడం. పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్‌ని ఉదాహరణగా చెబుతారు. ముసలితనంలో తక్కువ కృతులు ఎంచుకుని, వాటినే ఎక్కువ సాధన చేసి, వేగంగా వాయించాల్సిన చోటుకి ముందు నెమ్మదించేవాడట. ఆ తేడావల్ల తర్వాతి భాగం వేగంగా వినిపించేది. మీ కేంద్రంలో మర్యాదగా కాదన్నవాళ్లు ఏం ఎంచుకున్నారో అడిగి చూడండి.

కిరణ్_మోడల్స్

ప్రశ్న బాగుంది, ఇప్పుడు చిక్కులు చూద్దాం. మీ దగ్గరున్నవాళ్ల పరిచయాలు తగ్గడానికి ఏరుకోవడం ఒక కారణం కావచ్చు. స్నేహితులు చనిపోవడం కావచ్చు. వినికిడి తగ్గి గుంపులో మాట్లాడలేకపోవడం కావచ్చు. ఇల్లు వదిలి కేంద్రానికి రావడమే కావచ్చు. ఒక్కసారి ఇంటర్వ్యూ చేస్తే ఇవన్నీ కలిసిపోతాయి.

ఇంకో సంగతి. మనుషుల మధ్య ఉన్న తేడా, ఒకే మనిషిలో రోజు రోజుకీ వచ్చే తేడా ఒకటి కావు. వేగంగా టైపు చేసేవాళ్లు మామూలుగా తక్కువ తప్పులు చేస్తారు, ఎందుకంటే వాళ్లకి అనుభవం ఎక్కువ. కానీ అదే మనిషి తన మామూలు వేగం కన్నా వేగంగా కొడితే తప్పులు పెరుగుతాయి. మొదటిదాన్ని చూసి రెండోది చెప్పలేం. పీటర్ మోలెనార్ 2004 నుంచి గట్టిగా చెబుతున్నది ఇదే. తక్కువమందిని కలిసేవాళ్లు సంతోషంగా ఉన్నారని తేలినా, ఒక ఫలానా ఆవిడ ఇంకా తక్కువమందిని కలిస్తే ఇంకా సంతోషిస్తుందని చెప్పలేం.

కాబట్టి ఒక వారం పాటు రోజూ చిన్న ప్రశ్నలు అడగండి: ఈరోజు ఎవరితో మాట్లాడారు, మాట్లాడాక ఎలా అనిపించింది. కొన్ని నెలల తర్వాత అదే వారం మళ్లీ. ఇలా విడతలుగా చేసే డిజైన్‌కి మనుషులు కొద్దిమంది ఉన్నా బోలెడంత సమాచారం వస్తుంది, మాస్టర్స్ థీసిస్‌లో పట్టేలా కూడా ఉంటుంది.

పద్మజ_ఫీల్డ్

రోజూ ఒకే వేళకి అడగండి, కాగితం కాకుండా మాటల్లో అడగండి. మీరు పనిచేసే కేంద్రంలో మాత్రం వద్దు, వేరేచోట చేయండి.

చంద్రకళ_డి

అర్థమైంది పద్మజ గారూ, వేరే కేంద్రమే చూస్తాను. థీసిస్ ఉన్న మాస్టర్స్‌కే అప్లై చేస్తున్నాను. అరుణ్ గారు చెప్పిన పెద్దవయసు డేటాలో స్నేహాల మీద ప్రశ్నలు ఏమున్నాయో ఈ వారం చూస్తాను. ప్రశ్న ఇలా మార్చాను: "సంరక్షణ కేంద్రానికి వచ్చాక తక్కువమందిని ఎంచుకున్నవాళ్లకి, తక్కువమందే మిగిలినవాళ్లకి రోజువారీ మనఃస్థితి ఎలా మారుతుంది?"

కిరణ్ గారూ, ఒక్క సందేహం. విడతలు ఎన్ని ఉండాలి? రెండు చాలా?

కిరణ్_మోడల్స్

ఎంచుకోవడం, మిగలడం విడదీశారు, ప్రశ్న చాలా బలపడింది. రెండు విడతలతో తేడా తెలుస్తుంది, మార్పు ఏ ఆకారంలో సాగిందో తెలియదు. ఒక్కొక్కరి గీత చూడాలంటే కనీసం మూడు. మధ్యలో ఎంత ఎడం అన్నది మీ సౌకర్యం బట్టి కాదు, మార్పు ఎంత వేగంగా జరుగుతుందన్నదాన్ని బట్టి పెట్టండి. కొత్తగా చేరినవాళ్లలో మొదటి వారాల్లోనే చాలా మారుతుంది కాబట్టి మొదటి రెండు విడతలు దగ్గర దగ్గరగా, మూడోది కొంచెం దూరంగా ఉండనివ్వండి. చేరిన తేదీ నుంచి లెక్కపెట్టండి, క్యాలెండర్ నెలల నుంచి కాదు. డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెట్టండి, మానేసేవాళ్ల సంఖ్యను ముందే ఎలా లెక్కలోకి తీసుకోవాలో అప్పుడు చూద్దాం.